మా మామగారు తెచ్చిన కొండ పుట్టగొడుగులు

మా మామగారు పోయారు. అద్దంకి నుంచి అత్తగారు ఫోన్ చేసినప్పుడు నేను గుంటూరు బ్రాడీపేటలో, పాపని ట్యూషన్ నుంచి తీసుకెళ్దామని టీచరు వాకిట్లో నిలబడి ఉన్నాను. "అన్నం తిని వసారాలో పడుకున్నాడే అమ్మాయ్. టీ ఇద్దామని లేపితే లేవలా," అన్నారు. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా లేని గొంతు అది. "లారీ దిగొచ్చిన రోజు ఎట్టా పడుకునేవాడో అట్టానే ఉన్నాడు," అని, ఫోన్ పెట్టేశారు.

దినం అయింది. చుట్టాలు వెళ్లిపోయారు. అద్దె గిన్నెలు తోమి షామియానా వాళ్లకి అప్పజెప్పి, ఒళ్లునొప్పులతోనే ఇది రాస్తున్నాను. ఆయన గురించి గొప్పగా చెప్పేందుకు ఏమీ లేదు. లారీ డ్రైవరు. పేపర్లో వేసేంత మనిషి కాదు. అయినా ఎవరికైనా చెప్పాలని ఉంది.

నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లింది తొంభైల చివర్లో. అప్పటికే ఆయన చాలా ఏళ్లుగా గుంటూరు మిర్చి యార్డు నుంచి తమిళనాడు వైపు మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, తోలుతున్నారు. కొన్నిసార్లు లోడు నీలగిరి కొండల మీదికి, ఊటీ దాకా వెళ్లేది. వచ్చేటప్పుడు బంగాళాదుంపలు వేసుకొచ్చేవారు. ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నంతసేపూ నిద్రే. లేచాక కూడా ఏ ఊళ్లో ఉన్నదీ తెలియనట్టు కాసేపు గోడవంక చూస్తూ కూర్చునేవారు.

మిరప ఘాటు ఆయన ఒంటిని వదిలేది కాదు. ఇరుగుపొరుగు పిల్లలు దగ్గరికొస్తే చేతులకి కొబ్బరినూనె రాసుకుని, శనగపిండితో రుద్ది కడుక్కుని, అంతా చేసి చివరికి ఎత్తుకోకుండా పక్కన కూర్చునేవారు. మాట చాలా తక్కువ. నేను పొద్దున్నుంచీ పనిచేస్తూ కనిపిస్తే మాత్రం ఒకటే అనేవారు: "అలిసినప్పుడు ఆపెయ్యాలమ్మాయ్. బండైనా, పనైనా."

పాప నా కడుపులో ఉన్నప్పటి సంగతి. వానాకాలం. అన్నం చూస్తేనే వికారం. ఒకరోజు కంచం ముందు కూర్చుని, పుట్టగొడుగుల కూర అయితే తింటానేమో అన్నాను. మా పుట్టింటి దగ్గర తొలకరికి చేలగట్ల మీద పుట్టల పక్కన తెల్లగా లేచేవి. అత్తగారు పాలాయన్ని అడిగారు, కూలికొచ్చే ఆడవాళ్లని అడిగారు. పత్తికి పచ్చపురుగు పట్టి ఊరూరా మందులు కొడుతున్న ఏళ్లవి. గట్టు మీద గడ్డి కూడా మందు వాసనే.

"ఇంకెక్కడి పుట్టగొడుగులండీ, వానపాములే కనపట్టంలా," అన్నాడు పాలాయన.

మామగారు వసారాలో టీ తాగుతున్నారు. మర్నాడు లోడుకి వెళ్లిపోయారు.

ఆ ట్రిప్పు నుంచి ఆయన అనుకున్నదానికన్నా ముందే వచ్చేశారు. పొద్దున్నే వాకిట్లో నిలబడ్డారు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. చేతిలో వెదురుబుట్ట, దాని నిండా తడి నాచు. "దార్లో ఎక్కడా ఆపలేదు. పాడవుతాయని," అన్నారు.

నాచు తీసి చూస్తే లోపల గోధుమరంగు పుట్టగొడుగులు. బేకరీలో బన్నులంత లావు. మన పుట్టగొడుగులకి గొడుగు కింద సన్నటి రేకులుంటాయి, మీకు తెలుసుగా. వీటికి రేకులు లేవు. పసుపుపచ్చగా, స్పాంజిలాగా, అంతా సూదిమొనంత చిల్లులు. అత్తగారు అనుమానంగానే ఒకటి కత్తిపీట మీద కోశారు. కోసినచోట ముక్క మా కళ్లముందే నీలంగా మారింది.

"అమ్మో! ఏందయ్యా ఇది? విషం!" అత్తగారు కత్తిపీట దగ్గర్నుంచి లేచిపోయారు.

"విషం కాదు. నేను తిన్నా."

అప్పుడు చెప్పారు ఆ కథ. ఆయన వయసులో ఉండగా ఘాట్ రోడ్డు మీద లారీ యాక్సిల్ విరిగిందట. క్లీనరు కొత్త సామాను కోసం కొండ దిగి వెళ్లాడు. వాన ఆగలేదు. తెచ్చుకున్న అటుకులు అయిపోయాయి, చలిజ్వరం పట్టుకుంది. రోడ్డు పక్కన పైన్ చెట్ల తోపులో ఒక గుడిసె. అందులో ఉండే ముసలావిడ ఈయన్ని లోపలికి పిలిచి, పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఈ పుట్టగొడుగుల కూర వండి పెట్టింది. ఆవిడ మాట ఈయనకి రాదు, ఈయన మాట ఆవిడకి రాదు. "అంత రుచి మళ్లీ ఎక్కడా తినలా," అన్నారు. నా పుట్టగొడుగుల మాట విన్నాక, ఈసారి అక్కడ లారీ ఆపి, ఆ చుట్టుపక్కల వాళ్లని అడిగి ఏరించుకుని తెచ్చారు.

"నువ్వు తిని బతికావని కడుపుతో ఉన్న పిల్లకి పెడతావా?" అన్నారు అత్తగారు.

ఆయన నీలం ముక్కవంక చూశారు, నావంక చూశారు. గట్టిగా ఒక మాటంటే నేను తినేదాన్నే. ఆయన అనలేదు. "నిజమేలే," అన్నారు. "నువ్వు తినమాకమ్మాయ్. ముందు నేను తింటా. పడుకుని లేచాక బాగుంటే అప్పుడు చూద్దాం." పెరట్లో కిరసనాయిలు స్టవ్ పెట్టుకుని ఒక్కరే నాలుగు ముక్కలు వేయించుకుని తిని, పడుకున్నారు.

నేను ఆయన పడుకున్న గది గుమ్మం దగ్గరే కూర్చున్నాను, గురక వినపడుతోందా లేదా అని. అత్తగారు పైకి తిడుతూనే రెండుమూడుసార్లు వచ్చి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వెళ్లారు.

సాయంత్రానికి లేచారు. ఏమీ కాలేదు. నేరుగా బుట్ట దగ్గరికి వెళ్లి పైన కప్పిన నాచు తీశారు. అద్దంకి ఉక్కకి లోపల అంతా జిగురుగా కారిపోయి, తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. బుట్ట తీసుకెళ్లి పెంటదిబ్బ మీద బోర్లించి వచ్చారు. "కొండ దిగితే ఆగవు ఇయ్యి," అన్నారు. మళ్లీ వెళ్లి పడుకున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. కూర కోసం కాదు.

కొన్నేళ్లకి షుగరు ఆయన కళ్లని పట్టింది. ఎదురు బండి లైట్లు పడితే రోడ్డు రెండుగా కనపడుతోందని, ఎవరూ చెప్పకముందే తాళాలు ఓనరుకి ఇచ్చేశారు. ఆ తర్వాత వసారాయే. చీమకుర్తి గ్రానైటు రాళ్ల లారీలు ఇంటిముందు నుంచి వెళుతుంటే తలెత్తి చూసేవారు కాదు.

పాప బళ్లో చేరిన ఏడు, దసరా సెలవులకి మా ఆయన అందర్నీ ఊటీ తీసుకెళ్లారు. మామగారు రానన్నారు. "తిరిగిన రోడ్డేగా, ఏముంది చూడ్డానికి?" పాప చెయ్యి పట్టుకుని లాగితే బయల్దేరారు. ఘాట్ ఎక్కుతుండగా ఒక మలుపులో ఆయనే డ్రైవర్ని అడిగి వ్యాను ఆపించారు. గుడిసె లేదు. పైన్ చెట్లున్నాయి, రోడ్డు పక్కన ఒక టీకొట్టు ఉంది. తోపులోకి ఎక్కే ఓపిక లేక ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు.

"నువ్వెళ్లమ్మాయ్. నా వల్లగాదు."

టీకొట్టావిడకి మా ఆయన వచ్చీరాని తమిళంలో విషయం చెబితే నవ్వి, నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. తడిసిన ఆకుల మధ్య కనిపించాయి. నేను ఏరిన వాటిలో గొడుగు కింద ఎర్రగా ఉన్నదాన్ని తినకూడదని సైగ చేసి అవతల పారేసింది. మిగిలినవి మిరియాలు వేసి వండి, ఆకులో పెట్టింది. మామగారు తాను ముట్టకుండా నన్నే చూస్తున్నారు. తిన్నాను. మెత్తగా, కాస్త జారుడుగా, అడవి మట్టి వాసనతో ఉంది. బాగుంది, అంతే.

"ఎట్టుంది?"

"చాలా బాగుంది మామయ్యగారూ."

ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలారు. "అబద్ధం చెప్పమాక," అన్నారు, చిన్నగా నవ్వి. "ఆనాడు నాకు ఆకలి. అందుకని అంత రుచి." "అయినా నువ్వు తిన్నావు. చాల్లే," అన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆయన్ని వ్యాను ముందు సీట్లో కూర్చోబెట్టాం. పొగమంచులో బండి కొండ దిగుతోంది. ఆయన కళ్లు మూసుకుని తల వెనక్కి వాల్చారు. నిద్రపోయారనే అనుకున్నాను. కానీ మలుపు వచ్చిన ప్రతిసారీ ఆయన కుడికాలు నెమ్మదిగా ముందుకు జరిగి, బ్రేకు లేని ఉత్త రేకుని గట్టిగా తొక్కి, బండి మలుపు తిరిగాక వదులుతోంది.