ఇసుక తొట్టిలో పన్నీరు బుడ్డి

మా ముత్తాత పోలీసు పటేలు. ఆయన కొడుకు, అంటే మా తాత, పోలీసు పటేలు. ఆ పదవి రద్దయ్యేదాకా మా నాన్న కూడా పోలీసు పటేలే. ఈరోజు అద్దాల మేడలు నిలబడ్డ చోటే మా ఊరు ఉండేది. ఊళ్లో ఏది పోయినా జనం ఠాణాకు వెళ్లేవారు కాదు, మా అరుగు దగ్గరికి వచ్చేవారు.

తాతకు ఒక పద్ధతి ఉండేది. చీకటి గదిలో పెద్ద గంప పెట్టించి, అనుమానం ఉన్నవాళ్లందరికీ ముందురోజే ఒకేలాంటి మూటల్లో ఊక ఇచ్చి, మర్నాడు ఒక్కొక్కరినే లోపలికి పంపేవాడు. ఊక గంపలో పోసి రావాలి. దొంగ ఆ మూటలోనే సొత్తు దాచి, ఊకతోపాటు వదిలేసి రావచ్చు. తర్వాత గంప అందరి ముందు గుమ్మరించేవారు. సొత్తు దొరికితే, ఎవరని ఇక ఎవరూ అడగకూడదు. ముందుగా పటేలు ఇంటివాళ్లే గదిలోకి వెళ్లాలి. ఈ రెండూ తప్పని నియమాలు.

ఇదంతా మదీనాగూడలో మా ఎదురు ఫ్లాట్ వదినకు చెప్పేదాన్ని. ఆవిడది గోదావరి వైపు. పాత అద్దె పుస్తకాల డిటెక్టివ్ నవలలు ఇద్దరికీ పిచ్చి. చిన్న ఊరు, కాలక్షేపానికి పరిశోధన చేసే ఇద్దరు ఆడవాళ్లు, చివరి పేజీలో అందరూ కూర్చుని కాఫీ తాగడం. అలాంటివే చదివేవాళ్లం. పాల ప్యాకెట్లు ఎవరు చింపుతున్నారో కనిపెట్టింది మేమే. మూడో అంతస్తు పిల్లి. అప్పటినుంచి మేం మెట్లు దిగుతుంటే నా తమ్ముడు గుమ్మంలోంచి అనేవాడు: "బయల్దేరిన్రు ఇద్దరు సీఐడీలు. జర ఎవర్నన్న పట్టుకొని రాండ్రి, ఉత్త చేతుల్తోని రాకుండ్రి."

తమ్ముడూ నేనూ పెళ్లిళ్లు లేకుండా మిగిలిపోయినవాళ్లం. వాడు నలుగురిలోకి వెళ్లేవాడు కాదు. వెళ్లినా మా నాన్నలాగే నిటారుగా నిలబడి, నాలుగు మాటలు మాట్లాడి వచ్చేసేవాడు.

దసరాకు వదిన కోడలు కింది హాల్లో పేరంటం పెట్టింది. ఆ సాయంత్రం వాళ్ల వెండి పన్నీరు బుడ్డి పోయింది.

ఆ బుడ్డి ఒకప్పుడు మా అమ్మది. అది ఎదురింటికి ఎలా వెళ్లిందో నాకూ వదినకూ తప్ప ఎవరికీ తెలియదు. కోడలికి అసలే తెలియదు. తమ్ముడికి మాత్రం బ్యాంకు లాకర్‌లో ఉందని చెప్పాను. వాడు ఆ హాల్లోకి రాడు కదా అనుకున్నాను. ప్రసాదం అందుకోవడానికి ఒక్క నిమిషం వచ్చాడన్న సంగతి నాకు అప్పటికి తెలియదు. అనుమానితుల జాబితా రాసినప్పుడు పన్నెండు పేర్లు రాశాను. మా ఇంట్లోవాళ్ల పేర్లు రాయలేదు. పటేలు ఇంటివాళ్లు దొంగను పట్టుకునేవాళ్లే తప్ప జాబితాలో ఉండేవాళ్లు కారు.

అందరి నోటా మొదట వచ్చింది మాత్రం మెట్లు, వరండాలు తుడిచే ఆమె పేరు. ఆమె మా పాత ఊరి మనిషే, ఇప్పుడు బాచుపల్లిలో కిరాయికి ఉంటోంది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఆమెను మాన్పించేద్దామన్నాడు. నేను అడ్డుపడి, తాత పద్ధతి పెడదామన్నాను. ఆమె ముఖం వెలిగింది.

"మీ తాత గంప ముచ్చట మా అవ్వ చెప్తుండె అమ్మా. మా తాత గూడ మూట పట్టుకొని పోయిండంట. సొత్తు దొరికింది, ఇగ ఎవ్వర్నీ ఏం అనలేదంట. గట్లనే పెట్టుండ్రి. నా పేరు నిలబడ్తది."

ఊక దొరకలేదు. పక్కన కడుతున్న టవర్ దగ్గరినుంచి ఇసుక తెప్పించాం. మీటర్ల గదిలో ప్లాస్టిక్ తొట్టి పెట్టి, కిటికీకి దుప్పటి కట్టాం. అందరి చేతికీ ఒకేలాంటి గుడ్డసంచిలో ఇసుక ఇచ్చి, మర్నాడు పొద్దున పదింటికి రమ్మన్నాం. నియమం ప్రకారం మొదట తమ్ముడు వెళ్లాడు. బయటికి వచ్చి, చేతులు దులుపుకొని, ఎవరితోనూ మాట్లాడకుండా పైకి వెళ్లిపోయాడు. తర్వాత నేను. తర్వాత మిగతావాళ్లు. అందరికన్నా చివర మెట్లు తుడిచే ఆమె.

తొట్టిని హాల్లోకి తెచ్చి, టార్పాలిన్ మీద బోర్లించారు. ఇసుక కుప్ప పైన పసుపు గుడ్డలో చుట్టిన పన్నీరు బుడ్డి కనిపించింది.

అందరూ చప్పట్లు కొట్టారు. సెక్రటరీ ఆమెవైపు తిరిగాడు.

"పైననే ఉంది. ఆఖరికి పోయిందెవరు? నువ్వే గద. కేసులు గీసులు ఏం వద్దు. రేపటి సంది రాకు."

"నేను ఇసుకనే పోసిన సార్, నా పిల్లల మీద ఒట్టు."

తొట్టిని బోర్లిస్తే అడుగున ఉన్నది పైకి వస్తుంది. పైన కనిపించింది చివర వేసినవాళ్లది కాదు, మొదట వేసినవాళ్లది. నవలలు చదివిన వదినకు వెంటనే అర్థమైంది. నాకు అంతకన్నా ముందే అర్థమైంది. ఆ గుడ్డకు వేసిన ముడి మా నాన్న దస్త్రాలకు వేసే ముడి. రెండు చుట్లు తిప్పి, కొసను లోపలికి మడిచి దోపే ముడి. దాన్ని నాన్న మా ఇద్దరికే నేర్పాడు.

వదిన నా ముఖంలోకి చూసి, "చెప్పనాండీ?" అని మెల్లగా అడిగింది. నేను తలూపితే చాలు. కనీసం ఎవరని అడగకూడదన్న తాత నియమాన్నైనా గుర్తు చేయవచ్చు. నేను వీపు నిటారుగా పెట్టుకుని నిలబడ్డాను. ఆమె చీపురు గోడకు ఆనించి, నావైపు చూసింది.

"మీ తాత ఉంటే గిట్ల గాకపోతుండె అమ్మా," అని వెళ్లిపోయింది.

మూడు రోజుల తర్వాత తమ్ముడు అడిగాడు. "ఏందక్కా, ఆమె వస్తలేదు? మెట్ల మీద గింత దుమ్మున్నది."

చెప్పాను.

"నేనే తీసిన. మూతి దగ్గర సొట్ట జూసి పట్టిన, చిన్నప్పుడు నేను పడేసిందే గద. మన లాకర్‌ల దొంగలు పడ్డరు, అది తిరిగి తిరిగి వాళ్లింటికి చేరిందనుకున్న. నీతోని చెప్తే పరేషాన్ అయితవని చెప్పలే. మళ్ల ఆమె మీదికి వస్తున్నదని విని తాత గంపల ఏసిన. గంపల ఏస్తే అయిపోతది గదా అక్కా. ఎవ్వర్నీ అడగరు గదా."

నేను వంటింట్లోకి వెళ్లబోయాను.

"నువ్వు ముందుగాల పోయి లాకర్ జూడు," అన్నాడు. "ఇంకేం పోయినయో ఏమో. తాత కర్ర కొసకున్న వెండి పొన్ను ఉన్నదో లేదో జూడు."

చూస్తానన్నాను. వెళ్లింది మాత్రం సెక్రటరీ దగ్గరికి. బుడ్డి తీసింది మా ఇంటి మనిషేనని చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి మరీ నవ్వాడు.

"మేడమ్, మీ మనసు పెద్దది. పనిమనిషి కోసం సొంత తమ్ముని మీద ఏసుకుంటున్నరా? మీ ఇంట్ల గసొంటి వెండి ఎంత లేదు? మీరు పటేండ్లు, మీకు ఒకరి సొమ్మెందుకు?"

ఇన్నేళ్లుగా ఆ బిల్డింగులో అందరికీ నేనే చెప్పుకున్న మాట అది. ఆ మాట అబద్ధమని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

తర్వాత బాచుపల్లి వెళ్లాను. గది ఖాళీ చేసి ఎటో వెళ్లారన్నారు. ఫోన్ కలవలేదు. వదినా నేనూ ఇప్పుడు నవలలు మార్చుకోవడం లేదు.

తమ్ముడు ఇంకా అప్పుడప్పుడూ అడుగుతాడు, లాకర్ చూశావా అని. లాకర్‌ను ఎప్పుడో బ్యాంకుకు అప్పగించేశాను. పన్నీరు బుడ్డిని నాన్న దవాఖానా ఖర్చుకు ఎదురింటి వదినకు నేనే అమ్మాను. తాత కర్ర పొన్నును అంతకు ముందే కూకట్‌పల్లిలో అమ్మాను. నా ముందే కరిగించారు.