వేట లేని వేసవిలో సోలార్ వాటా

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి చదవండి. దోమ కుడితే గేదె కుమ్మిందని చెప్పడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఈ కోపంలో మాత్రం నీళ్ళు కలపలేదు.

నరసాపురం దగ్గర మా బావకీ నాకూ కలిపి ఒక ఐసు ఫ్యాక్టరీ ఉంది. సముద్రంలోకి వెళ్ళే బోట్లకు ఐసు అమ్ముకుని బతుకుతాం. కిందటేడు ఒక సోలార్ కంపెనీ మనిషి వచ్చాడు. అనంతపురం వైపు ఎక్కడో ప్లాంటు పెడతారట. మాలాంటి ఫ్యాక్టరీలవాళ్ళు తలా కొంత వాటా కొంటే దానికి యజమానులవుతారట, కరెంటు చవగ్గా వస్తుందట.

అడగాల్సినవి చాలానే ఉన్నాయి. కానీ ఆయన సరిగ్గా భోజనాల వేళకు వచ్చాడు. ఆయనకి వేసిన విస్తరి వైశాల్యం చూసి గోదావరి కాసేపు పారడం మానేసింది. పీతల ఇగురు, రొయ్యల వేపుడు, గడ్డివామంత ఎత్తున పూతరేకులు.

"మాకు పని లేని నెలల్లో మా వాటా కరెంటు ఏమవుద్దండి?" అని బావ మొదలుపెట్టాడు.

మా ఆవిడ అడ్డొచ్చింది. "తినే మనిషిని ప్రశ్నలేంటి అన్నయ్యగారూ? ముందు ఆయనకి ఇగురు వడ్డించండి."

బావ సిగ్గుపడి గరిటె అందుకున్నాడు. తాంబూలం వేళకు సంతకాలైపోయాయి.

ఏప్రిల్‌లో సముద్రం మీద వేట ఆపేశారు. ఏటా చేపలు గుడ్లు పెట్టే కాలంలో ఆపుతారు, మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకూ తెలుసు. బోట్లు ఒడ్డునే ఉంటే ఐసు ఎవడు కొంటాడు? అక్కడ ప్లాంటు మీదేమో ఎండ దంచికొడుతోంది, మా వాటా కరెంటు వరదలా తయారవుతోంది. వాడినా వాడకపోయినా కట్టాల్సిందే. వేట నెలలకు దాచుకోవడానికి లేదు. తప్పుకుందామంటే మన చోట్లో ఇంకొకణ్ణి తెచ్చి కూర్చోబెట్టాలి. అన్నీ ఒప్పందంలో ఉన్నవే. చదవాల్సిన పూట మా చేతులకు ఇగురు అంటుకుని ఉంది.

ఊరికే కట్టడానికి ఒళ్ళు మండి మిషన్ నడిపించాను. కొనేవాడు లేని దిమ్మల్ని కాలవలోకి దొర్లించాను. కాలవలో చేపలన్నిటికీ జలుబు చేసింది.

"ఇంకో వేసవి ఇలాగైతే ఫ్యాక్టరీకి తాళమే బావా. ఆ కంపెనీ ఆయనకి ఫోన్ చెయ్యి" అన్నాడు బావ.

చేశాను. అవతల ఆయన తాపీగా, "యజమానులు మీరేకదండి. లాభమైనా నష్టమైనా మీదేనండి" అన్నాడు.

అప్పుడు నేను తిట్టిన తిట్లకు సెల్ టవర్ వంగిపోయింది. ఆయన ఏడ్చి, మా వాటా కొనేవాణ్ణి తనే వెతికి పెడతానని ఒట్టేశాడు.

కాలవలో కరిగిన ఐసు నిజం. తాళం భయం నిజం. ఆ తిట్లూ, ఆ ఏడుపూ, ఆ ఒట్టూ నా కల్పన. నిజంగా నేనన్నది ఇంతే: "ఆదివారం వచ్చి మా వాటా వదిలించే దారి చెప్పండి. భోజనం మాత్రం పెట్టమండి."

ఆ చివరి మాట మా ఇంట్లో ఇంతకుముందు ఎవరూ అనలేదు. మా ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు.