ఆది చొక్కా

మా బావకి ఎవరైనా సాయం అడిగితే కాదనడం రాదు. ఇది మెచ్చుకోలు కాదు, ఒక జబ్బు గురించి చెబుతున్నాను. వర్తకుల సంఘానికి ఉపాధ్యక్షుడు, గ్రంథాలయం కమిటీలో సభ్యుడు, రక్తదాతల బృందానికి పెద్ద దిక్కు. ఒంటరి ముసలివాళ్ళకి మధ్యాహ్నం భోజనం పంపే సంస్థకైతే అన్నీ ఆయనే. వీటి మధ్య తీరిక దొరికితే తన సాఫ్ట్‌వేర్ కంపెనీకి కూడా వెళ్ళేవాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని మా అక్క వంటింట్లోంచి సామెత విసిరేది. ఆయన నవ్వి చెప్పులు వేసుకునేవాడు.

ఆ కంపెనీ పుట్టింది నా రంగుల కొట్టుకి ఎదురుగా, టైలర్ మాస్టారి దుకాణం మీద గదిలో. కింద కుట్టుమిషను గోలకి పైన నేల అదిరేది. వేరే గది చూసుకోమని నేను పోరితే, మిషను ఆగితే తనకి పని సాగదనేవాడు బావ. మాస్టారికి పిల్లల్లేరు, భార్య పోయింది. మధ్యాహ్నం కాగానే కత్తెరతో గోడ మీద కొట్టి, "అబ్బాయ్, కంప్యూటర్ ఎక్కడికీ పారిపోదు, దిగిరా" అని కేకేసేవాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద తినేవారు. కంపెనీ తెరిచిన నాడు బావ వేసుకున్న చొక్కా కూడా మాస్టారు కుట్టిందే.

తర్వాత కంపెనీ అద్దాల మేడకి మారింది. మాస్టారు చూపు మందగించి దుకాణం మూసేశాడు, మిషనుతో సహా వెనక సందులోని తన ఇంటికి చేరాడు. భోజనం పంపే ఏర్పాటు బావే చేశాడు. మాస్టారు ఒప్పుకున్నది భోజనం కోసం కాదు. డబ్బా తెచ్చే రిటైర్డ్ నర్సు కాసేపు స్టూలు మీద కూర్చుని ఆయన సణుగుడు వినేది. ఆ కాసేపటి కోసం ఆయన ఉదయమే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు.

మాటల్లో పడి నర్సు లాంటివాళ్ళు నాలుగిళ్ళు తిరిగేసరికి పొద్దుపోయేది, కొత్తగా అడిగేవాళ్ళకి లేదని చెప్పాల్సి వచ్చేది. లేదనడం బావ వల్ల అయ్యే పనా? ఫోన్లో నడిచే ఏర్పాటు ఒకటి తయారుచేసి సంస్థకి ఊరికే ఇచ్చాడు. భోజనం అందాల్సిన ఇంటికి ఎవరు దగ్గరలో ఉంటే వాళ్ళకి ఆ ఇల్లు చూపిస్తుంది. డబ్బా గుమ్మం ముందు పెట్టి, గంట కొట్టి, ఫొటో తీసి, తర్వాతి ఇంటికి వెళ్ళిపోవడమే. ఖాళీ డబ్బాలు వారానికోసారి బండి వచ్చి తీసుకెళ్తుంది. ఉన్నమాట చెప్పాలి, అది బ్రహ్మాండంగా పనిచేసింది. అంతకు ముందుకి రెట్టింపు మందికి భోజనం అందింది.

మాస్టారికి చెప్పడానికి బావ వెళ్ళినప్పుడు నేనూ ఉన్నాను. అంతా విని మాస్టారు, "డబ్బా గడప దాకా వస్తుంది, సరే. మనిషో?" అన్నాడు.

"ఆదివారాలు నేనొస్తాగా మాస్టారూ."

కొన్నాళ్ళు వెళ్ళాడు. తర్వాత ఆదివారాల్ని కమిటీలు మింగేశాయి.

ఇంత సేవ చేసినందుకు బావని సన్మానించాలని మా వర్తకుల సంఘం తలపెట్టింది. ఆ సంగతి చెవిన పడి మాస్టారు గుడ్డ కొన్నాడు, కొలతలివ్వడానికి రమ్మని కబురు పెట్టాడు. బావకి తీరలేదు. బీరువాలో పాత చొక్కా ఒకటి తీసి, కొలతలకి ఆది చొక్కా కింద వాడుకోమని డ్రైవరు చేత పంపాడు. కుట్టిన చొక్కా తేవడానికి నేను వెళితే మాస్టారు మొహం ముడుచుకుని కూర్చున్నాడు.

"ఇది వాడు నా దుకాణం మీద గదిలో ఉన్నప్పుడు నేను కుట్టిందే. అప్పటి మనిషి ఇప్పుడున్నాడా? పొట్ట వచ్చిందో ఏమో నాకెలా తెలుస్తుంది? సర్లే, కుట్లలో గుడ్డ వదిలాను. ఒక్కసారి వచ్చి వేసుకోమను, ఇక్కడే విప్పి వదులు చేస్తా."

చెప్పాను. ఫంక్షన్ అయ్యాక వెళ్తానన్నాడు బావ.

సన్మానం నాడు హాలు నిండింది. చొక్కా బిగుతై బావ వేదిక మీద మెడ పట్టీ లాక్కుంటూ కూర్చున్నాడు. సంస్థవాళ్ళు ఆ మధ్యాహ్నం పెట్టిన డబ్బాల ఫొటోలు తెర మీద వరసగా వేస్తున్నారు. తలుపు తర్వాత తలుపు. జనం చప్పట్లు. వాటిలో నీలం రంగు తలుపు మాస్టారిది, నా కొట్లో రంగే. దాని ముందు ఆనాటి డబ్బా, పక్కనే ఇంకోటి. చూసినవాళ్ళు ఖాళీ డబ్బా అనుకుంటారు, ఫొటో తీసిన మనిషీ అలాగే అనుకుని ఉంటాడు. మాస్టారు మాత్రం తిన్న డబ్బాని కడిగి బోర్లిస్తాడు. ఇది నిటారుగా ఉంది, మూత మీద అంటించిన సీలు కాగితం చిరగలేదు.

బావ లేచి వేదిక దిగాడు. అర్జంటు ఫోనేదో వచ్చిందనుకుని జనం దారిచ్చారు. నేను వెనకాల పరుగెత్తాను. సందులోకి వెళ్ళేసరికి ఆయన భుజంతో తలుపు గుద్దుతున్నాడు, చొక్కా చంక దగ్గర పిగిలింది.

మాస్టారు మిషను పక్కన పడి ఉన్నాడు. ఒళ్ళు చల్లబడింది. ముందు రోజు పడ్డాడని, రాత్రంతా బతికే ఉండి ఉంటాడని డాక్టరు అన్నాడు. మొదటి డబ్బా తెచ్చినవాళ్ళు తలుపు తట్టి ఒక నిమిషం ఆగి ఉంటే సరిపోయేదని కూడా అన్నాడు. ఆ మాట బావ ముందు అనకుండా ఉండాల్సింది. నాకు ఆ డాక్టరు మీద ఇప్పటికీ కోపమే.

అందరూ ఓదార్చారు. ఎంతమంది కడుపు నింపావో చూసుకోమన్నారు. అదీ నిజమే, అందుకే ఆయనకి ఏడవడానికి కూడా చోటు లేకపోయింది. కంపెనీ భాగస్వామికి వదిలేశాడు. ఏ కమిటీకీ వెళ్ళడు. మధ్యాహ్నాలు తనే కొన్ని డబ్బాలు మోసుకెళ్తాడు, తలుపు తట్టి, మొహం కనిపించేదాకా కదలడు. ఒక ముసలావిడైతే లోపలినుంచే కసురుకుంటుంది, "బతికే ఉన్నాన్లే, అక్కడ పెట్టి పో నాయనా" అని. అయినా నిలబడే ఉంటాడు.

మొన్న మా అక్క ఆ చొక్కా బయటికి తీసింది. చంక కుట్టించి, లోపల గుడ్డ ఉంది కాబట్టి వదులు కూడా చేయిస్తానంది. బావ దాన్ని ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు.

"వచ్చి వేసుకోమన్నాడే ఆయన," అన్నాడు. "వెళ్ళడానికి ఎంతసేపు పట్టేదని."

మళ్ళీ మడతపెట్టి బీరువాలో పెట్టేశాడు. వదిలిన గుడ్డ ఆ కుట్లలోనే ఉంది.