వేడి చేసే గోలీ

మొన్న చలికాలపు పొద్దున సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కాను. అందరూ చెవులకు గుడ్డలు చుట్టుకుని కూర్చుంటే, నా పక్కనున్న పెద్దావిడ గబుక్కున కిటికీ అద్దం తోసి కొంగుతో మెడ తుడుచుకోసాగింది. ముఖం ఎర్రబడింది, పై పెదవి మీద చెమట పట్టింది. వెనక సీటాయన విసుక్కున్నాడు. చల్లగాలితో పాటు చెమటా పౌడరూ కలిసిన వాసన వచ్చింది. ఆ వాసనకు మార్తమ్మక్క గుర్తొచ్చింది. ఆ పెద్దావిడకు ఒళ్లెందుకు మండిందో నేనడగలేదు. మిర్యాలగూడ రైసు మిల్లులు కనిపించేదాకా తల అటు తిప్పుకునే కూర్చున్నాను.

మార్తమ్మక్క సూర్యాపేట దగ్గరి ఆత్మకూర్‌లో ప్రభుత్వ నర్సు. ఊళ్లో అందరికీ సిస్టరమ్మ. కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను ఆమె వెంట తిరిగే పని నేర్చుకున్నాను. టీబీ ఉన్నవాళ్లకు గోలీలు చేతికిచ్చి వచ్చేసే రకం కాదామె. గడప ముందు కూర్చుని, మింగేదాకా లేచేది కాదు. ఎండాకాలం వస్తే మా పని రెట్టింపయ్యేది, ఎందుకంటే అప్పుడే జనం మందులు మానేస్తారు. ఒకసారి యాదమ్మ అనే ఆవిడ గోలీ చేతిలో పట్టుకుని బతిమాలింది.

"ఎండల గిది వేడి చేస్తది సిస్టరమ్మా. వానలు పడ్డంక మింగుత."

"వేడి నీ ఒంట్ల లేదు, నీ నోట్ల ఉన్నది. జర సల్ల తాగి మింగు" అంది మార్తమ్మక్క. యాదమ్మ గొణుక్కుంటూనే మింగింది. తిరిగొస్తూ దారిలో అక్క నాతో, "సునీతా, రోగం కన్నా ఈ వేడి అన్న మాటనే మందిని ఎక్కువ తింటది. దీంతోని కొట్లాడుడే మన కొలువు" అంది. నర్సింగు చదువులో నాకెవరూ ఈ ముక్క చెప్పలేదు. ఈ ఉద్యోగంలో నాకు వచ్చిందంటూ ఏమైనా ఉంటే, అది ఆమె పెట్టిన భిక్షే.

రిటైరవడానికి కొంచెం ముందు ఆమె రొమ్ములో గడ్డ తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ చేశారు. తర్వాత రోజుకొక గోలీ రాశారు. నెలసరి ఆగిపోయాక కూడా ఒంట్లో కాస్త ఆడ హార్మోన్ తయారవుతూనే ఉంటుందట. ఆమెకొచ్చిన రకం క్యాన్సర్‌కు అదే మేత. ఆ మేత దొరక్కుండా చేసేదే ఈ గోలీ, ఏళ్ల తరబడి మింగాలి. "ఇగ నాకు నువ్వే సిస్టరమ్మవు, నేను మింగిన్నో లేదో సూడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ప్రపంచంలో ఎవరు మానేసినా ఆమె మానదని నా ధీమా.

రిటైరయ్యాక కోదాడలో చెల్లెలు రూతమ్మ ఇంటికి వెళ్లిపోయింది. నాకు వేములపల్లికి బదిలీ అయింది. ఫోన్లో పలకరించినప్పుడు పొద్దున్నే వేళ్లు ముడుచుకోవడం లేదని, ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు పుడుతున్నాయని చెప్పేది. ఈ గోలీకి అవి మామూలేనని ఆమే నాకు సర్దిచెప్పేది.

ఒక వానాకాలం చూడ్డానికి వెళ్తే గోడ పట్టుకుని నడుస్తోంది. నడుం నొప్పి. "గోలీ నొప్పులే అంటుందండీ. డాక్టరు దగ్గరికి పోదామంటే వినదు" అంది రూతమ్మ. గోలీకి నొప్పులుంటాయి కదా అని నేనూ కాస్త ఊపిరి పీల్చుకున్నాను. రూతమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"గోలీ నొప్పులు గావు సునీతా. ఎండాకాలం మొదట్లనే గోలీ బంద్ చేసిన."

"ఎందుకక్కా?"

ఆమె తల వంచుకుని, "వేడి" అంది. "ఫ్యాన్ కింద కూసున్నా లోపల్నుంచి మంట లేస్తది. ఎండలు పోయేదాంక ఆపుదాం, వానలు పడ్డంక మింగుదాం అనుకున్న." అన్నాక తన మాట తనకే వినపడినట్టుంది. "అన్నీ తెలుసు సునీతా. ఒళ్లు మండుతుంటే తెలిసింది పనికిరాదు. ఊర్ల ఎవ్వరికీ చెప్పకు. నా మాట మీద మింగినోళ్లు మస్తుమంది ఉన్నరు."

చెప్పనని మాటిచ్చాను. పరీక్షలు చేస్తే జబ్బు వెన్నుపూసలోకి పాకిందని తేలింది. ఆపినందుకే వచ్చిందా అని డాక్టర్‌ను అడిగాను. "అలా చెప్పలేం. విడవకుండా మింగినా కొందరికి తిరగబెడుతుంది. కానీ ఆపకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆ జవాబు పట్టుకుని ఎవరి మీదా కోప్పడలేను, ఏడ్చి ఊరుకోనూ లేను.

మళ్లీ ఎండాకాలం ఆమె చూడలేదు. మట్టి ఇవ్వడానికి ఆత్మకూర్ నుంచి ఆటోల్లో జనం వచ్చారు. సమాధి పక్కన యాదమ్మ ఏడుస్తూ, "ఆ గోలీల వేడే తిన్నది సిస్టరమ్మను" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నిజమేనన్నారు. మాటిచ్చాను కాబట్టి నేను కాదనలేకపోయాను. జన్మంతా ఏ మాటతో కొట్లాడిందో, ఆ మాటే ఆమె సమాధి దగ్గర గెలిచింది. ఆ రోజు నాకు ఈ పని మీదే విరక్తి పుట్టింది. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఈమధ్య వేములపల్లిలో, ఆత్మకూర్ వైపు చుట్టాలున్న లక్ష్మమ్మ అనే ఆవిడకు అదే గోలీ రాశారు. గోలీ అరచేతిలో పెట్టుకుని, "మీ మార్తమ్మ గూడ గిదే మింగిందట గద సిస్టర్? మింగి మింగి పాయె" అంది. అక్క మింగిందంటే ఈమె మానేస్తుంది. అక్క మానేసిందంటే నేను ఆమెకిచ్చిన మాట పోతుంది.

"మింగి పోలేదు. వేడికి ఓర్వలేక మధ్యల బంద్ చేసింది" అన్నాను. "వేడి నిజమే లక్ష్మమ్మా. ఓర్వకపోతే డాక్టర్‌కు చెప్పు, ఇంకో గోలీ రాస్తడు. నీ అంతట నువ్వు ఆపకు."

"గంత తెల్సినామెకు గా మాత్రం తెల్వకపాయెనా" అని లక్ష్మమ్మ పెదవి విరిచి, గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. మార్తమ్మక్క పరువు నా చేతులతో నేనే తీశాను. రేపు ఇంకో ఇంట్లో అడిగినా ఇదే చెబుతాను.