వాగు హద్దు కొలిచినాయన

డెబ్బైల్లో ఒక వేసవిలో మా తిరువూరు వాగు గట్టు కొలవడానికి వచ్చిన సర్వేయరు గారి పేరు నాకు గుర్తు లేదు. గుర్తున్నది ఆయన మాటొక్కటే: "ఇప్పుడే తాగి వచ్చానమ్మా."

అంతకుముందు వానాకాలంలో వాగు పొంగి ఇళ్లలోకి వచ్చింది. వాగు జాగా ఎంతవరకో తేల్చి హద్దురాళ్లు పాతమని ఆయన్ను పంపారు. గట్టు పొడుగునా మా అందరి పెరళ్లూ పశువుల కొట్టాలూ అప్పటికే ఆ జాగాలోకి జరిగి ఉన్నాయి.

ఆయన నెత్తిన తడి తువ్వాలు వేసుకుని మిట్టమధ్యాహ్నం కూడా కూలీలతో కొలత గొలుసు లాగిస్తూ తిరిగేవారు. ఎవరు మజ్జిగ ఇవ్వబోయినా అదే మాట. సాయంత్రం హోటల్లో కూడా గోడవైపు తిరిగి ఒక్కరే కూర్చుని తినేవారట.

ఇంతకీ ఎక్కడ తాగుతున్నారో అంతుపట్టక అమ్మ ఒకరోజు అడిగేసింది. ఆయన నవ్వారు.

"ఒక గుమ్మంలో తాగితే, వాళ్లకోసం గొలుసు జరిపాడని పక్కింటివాళ్లు అంటారమ్మా."

రాళ్లు పాతాక మా కొట్టం సగం వాగు జాగాలోకి పోయింది. ఊళ్లో ఆయన్ను పలకరించేవాళ్లు లేకపోయారు. వెళ్లిపోయే రోజు పొద్దున్నే సంచితో మా గుమ్మం ముందు ఆగారు.

"పని అయిపోయిందండి. ఇవాళ కాస్త మజ్జిగ తాగి బస్సెక్కుతాను," అన్నారు నాన్నతో.

"మజ్జిగ లేదండి," అన్నాడు నాన్న.

లోపల అమ్మ చల్ల చిలుకుతున్న చప్పుడు వీధిలోకి వినబడుతూనే ఉంది. ఆయన కాసేపు అది వింటూ నిలబడ్డారు.

"ఫర్వాలేదండి. ఇప్పుడే తాగి వచ్చాను," అని సంచి ఎత్తుకుని బస్టాండు వైపు నడిచారు.