మలుపు దగ్గర పసుపు గీత

మా మావయ్య రిటైరయ్యాక వీధికి పెత్తందారయ్యాడు. ఎవరూ అడగలేదు. ముప్ఫై ఏళ్లు గోదాములో కుర్చీ దిగకుండా బస్తాలు మోసేవాళ్ల మీద అరిచిన మనిషికి, అరవడానికి ఇంట్లో అత్తయ్య ఒక్కతే మిగిలింది. ఆవిడ వినడం ఎప్పుడో మానేసింది.

దాంతో ఆయన కళ్లు వీధి మలుపు మీద పడ్డాయి. వేరే దేశం నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు ఓ పాతికమంది పొద్దున్నే అక్కడ నిలబడేవారు. వ్యాన్లు వచ్చి, కావలసినవాళ్లను ఎక్కించుకుపోయేవి. వాళ్లకు ఊళ్లో పని దొరికే చోటు అదొక్కటే.

"వీధి పరువు పోతోందిరా" అన్నాడు మావయ్య. మా వీధికి పరువుందని నాకప్పుడే తెలిసింది. మలుపు పొడవునా పసుపు గీత గీస్తే వ్యాన్లు ఆగకూడదట. కాగితం రాసి ఇంటింటికీ తిప్పాడు. ఆ ఇళ్ల ప్రహరీలు కట్టింది ఆ మలుపులో నిలబడేవాళ్లే. అయినా అందరూ సంతకాలు గీకేశారు. రెండోది నాది. మావయ్యతో ఎవడు పడతాడులే అని పెట్టాను. నా అంత పిరికిపంద ఇంకొకడు లేడు.

పెయింటరెందుకు దండగ అని, చిరుగుల ప్యాంటు, పాత చొక్కా వేసుకుని మావయ్యే బ్రష్షు పట్టాడు. నేను పక్కనే ఉన్నాను. సగం గీసేసరికి నడుం పట్టేసి లేచి నిలబడ్డాడు. అప్పుడే వ్యాన్ వచ్చి ఆగింది. మేస్త్రీ ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ పిలిచాడు. మావయ్య దగ్గరకొచ్చేసరికి వేలు దించేశాడు.

"నువ్వొద్దులే తాతా. బస్తా ఎత్తలేవు."

నన్నెవడనుకుంటున్నావురా అని మీద పడతాడనుకున్నాను. మావయ్య మొహం కందగడ్డలా అయింది.

"ఎందుకెత్తలేను? ఎత్తి చూపించమంటావా?" అంటూ చొక్కా చేతులు మడిచాడు!

వ్యాన్ వెళ్లిపోయింది. పని దొరకని బక్కాయన ఒకడు వచ్చీరాని మన మాటల్లో ఓదార్చాడు.

"బాధ వద్దు, పెద్దాయనా. రేపు తొందరగా రా. ముందు నిలబడు. ముందు ఉంటే తీసుకుంటారు."

తన సీసాలో నీళ్లిచ్చాడు. మావయ్య గటగటా తాగేశాడు. ఇక ఆ గీత జోలికి పోడని సంబరపడ్డాను. నాకూ బుద్ధి లేదు.

మర్నాడు మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, బూట్లు తుడుచుకుని మరీ దిగాడు. బక్కాయన అందరికంటే ముందు నిలబడి, పక్కన ఇంకొకరికి సరిపడా జాగా ఉంచాడు.

"రా పెద్దాయనా, ఇది నీ చోటు."

మావయ్య బ్రష్షు డబ్బాలో ముంచాడు.

"కాళ్లు తియ్" అన్నాడు.