ఒకరి మస్టర్ల కోసం చూసిన సముద్రం

సముద్రం చూడాలన్న కోరిక నాకు ఏనాడూ లేదు. నేను గోదావరిఖనిలో బొగ్గు గని కార్మికుణ్ణి. పేల్చి రాల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో పోయడం నా పని. దాన్ని మా దగ్గర ఫిల్లరు పని అంటారు. సెలవంటే నాకు ఇంటి ముందు నులక మంచం, పొద్దంతా నిద్ర. అలాంటి నేను డెబ్బైల నడుమ ఒక డిసెంబరులో భార్యను వెంటబెట్టుకుని విశాఖపట్నం పోయాను. షోకుతో పోలేదు. మా పక్కింటి మనిషి పొమ్మంటే పోయాను.

అతను బదిలీ ఫిల్లరు. పర్మినెంటు మనిషి డ్యూటీకి రాని రోజు ఆ జాగాలో దిగేవాణ్ణి బదిలీ అంటాం. ప్రతి షిఫ్టుకూ ముందు వచ్చి గని ఆఫీసు దగ్గర నిలబడాలి. ఎవరైనా ఎగ్గొడితే పని, అందరూ వస్తే ఇంటిదారి. పని దొరికిన రోజుకు ఒక మస్టరు పడుతుంది. ఏడాదిలో నూటతొంభై మస్టర్లు నిండితే పర్మినెంటు చేస్తారు. ఒక్కటి తక్కువైనా కొత్త సంవత్సరంలో మళ్లీ ఒకటి నుంచి మొదలు పెట్టాల్సిందే. అతను అప్పటికే రెండేళ్లు అంచుదాకా వచ్చి జారిపోయాడు.

అతని కథ మా కాలనీలో అందరికీ తెలుసు. ఊళ్లో దొర ఇంట్లో జీతం, అంటే పాలేరుగా, ఉండేవాడు. అక్కడి దెబ్బలు పడలేక ఒకరోజు భార్యనూ చంటిబిడ్డనూ తీసుకుని నడిచి వచ్చేశాడు. కొడుకు పారిపోయినందుకు దొర ముసలి తండ్రిని పట్టుకుపోయి ఆ పనిలో పెట్టాడు. కొడుకు పర్మినెంటైతే కంపెనీ క్వార్టరు వస్తుంది, తండ్రిని తెచ్చుకుంటాడు, కంపెనీ మనిషి తండ్రి అంటే దొర కూడా జంకుతాడు. పర్మినెంటు కాకపోతే ముసలాయన పడిపోయేలోపు తనే తిరిగి పోయి ఆ జీతంలో నిలబడాలి. ఆయనకు అప్పటికే చేతులు వణుకుతున్నాయని ఊరి నుంచి కబురు వచ్చింది.

ఆ డిసెంబరులో ఒక సాయంత్రం నేను చాయ తాగుతుంటే వచ్చి గడప దగ్గర కూర్చున్నాడు.

"అన్నా, నీకు కంపెనీ ఇచ్చే టూరు సెలవున్నది గద. ఒక్కపారి గూడ తీస్కోకపోతివి. నాకు పది మస్టర్లు తక్కువున్నయి. నువ్వు పోతె నీ జాగల నన్ను దింపుతనన్నడు ఓవర్‌మన్ సారు."

"సెలవు పెట్టి ఇంట్లనే పండుకుంట తియ్" అన్నాను.

"ఇంట్లుంటె వదుల్తరా? ఏడాది ఆఖరు. మనిషిని తోలి గుంజుకపోతరు. దూరం పోవాలె. నెలాఖరు దాక రావద్దన్నా, నీ కాల్మొక్త."

కాళ్లు మొక్కుతానంటే నాకు మంట. తిట్టి, సరేనన్నాను. మా ఆవిడకైతే పండగే. జొన్నరొట్టెలు, కారప్పొడి, మామిడికాయ తొక్కు, రెండు కొత్త చీరలు మూటగట్టింది. శనివారం పొద్దున రామగుండంలో రైలెక్కాం. అదే పొద్దున అతను నా తట్ట పట్టుకుని నా జాగాలో దిగాడు. దిగేముందు రోజు అతనికి ఒక్కటే చెప్పాను: ఎడమ పక్క కప్పు మంచిది కాదు, కట్టెతో కొట్టి చప్పుడు వినకుండా దాని కిందికి పోవద్దని. ఆ కప్పు చప్పుడు నాకు తెలుసు. అతనికి కొత్త.

వాల్తేరు స్టేషను దగ్గర ఒక చిన్న లాడ్జిలో దిగాం. మర్నాడు పొద్దున్నే బీచికి పోయాం. నాకు మొదట అనిపించింది ఒక్కటే, వెలుతురు ఎక్కువగా ఉందని. ఎనిమిదేళ్లుగా టోపీ మీది దీపం వెలుగులో బతికిన కళ్లు నావి. ఆ నీళ్ల మీది ఎండను చూడలేక నీళ్లు కారాయి. మా ఆవిడ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మోకాలి లోతుకు పోయి చిన్నపిల్లలా కేకలు పెట్టింది. నేను ఒడ్డున ఇసకలో, చేతులు కట్టుకుని, పని చేయించే ఓవర్‌మన్‌లాగా నిలబడ్డాను.

తిండి దగ్గర ఇంకో తంటా. హోటల్లో అరిటాకు వేసి అన్నం కుప్ప పోశారు. పప్పు, రెండు కూరలు, సాంబారు. సాంబారు తియ్యగా ఉంది. మా ఆవిడ వడ్డించే కుర్రవాణ్ణి పిలిచి "రొట్టె లేదా తమ్మీ?" అంది. వాడు పక్కవాడి వైపు చూసి నవ్వి "నైజామోళ్లండీ" అన్నాడు. నాకు కోపం నెత్తికెక్కింది. ఆకు మడిచి లేచాను. మా ఆవిడ నా చొక్కా పట్టి కూర్చోబెట్టింది. "అన్నం మీద అలుగుతవా? అల్గితె నెలాఖరు దాక పస్తులే" అంది. గల్లా దగ్గర కూర్చున్న పెద్దాయన లేచి వచ్చి కుర్రవాణ్ణి మందలించి, మాకు పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయ తెచ్చిపెట్టాడు. ఆ రోజు నుంచి రెండు పూటలా అక్కడే తిన్నాం.

సింహాచలం ఎక్కాం. పడవలో అవతలి ఒడ్డుకు పోయి డాల్ఫిన్ నోస్ కొండ ఎక్కి లైటుహౌసు చూశాం. రేవులో ఓడల్లోకి ఎర్రటి ఇనుప రాయి పోస్తుంటే చూశాం. అక్కడే ఒక మూల బొగ్గు కుప్ప కనబడింది. నేను కంచె దగ్గరగా పోయి చాలాసేపు చూశాను. మా ఆవిడ నెత్తి కొట్టుకుంది. "గింత దూరమొచ్చి మళ్ల బొగ్గే చూస్తున్నవా!"

నిజానికి నా మనసు ఎప్పుడూ గనిలోనే ఉండేది. పొద్దున పెసరట్టు తింటుంటే ఇప్పుడు దిగి ఉంటాడు అనుకునేవాణ్ణి. మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే ఇప్పుడు ఎక్కే వేళ అనుకునేవాణ్ణి. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మాది బొగ్గు గని అని చెప్పేవాణ్ణి. హోటల్ పెద్దాయనకు కూడా అలాగే చెప్పాను. ఆయన చెవులప్పగించి విని, "అమ్మో, భూమి లోపలికే!" అనేవాడు.

అయినా ఐదారు రోజులకు ఆ ఊరు నాకు అలవాటైంది. ఒక సాయంత్రం బీచిలో వేయించిన చేపలు కొనుక్కుని ఇసకలో కూర్చుని తిన్నాం. ముళ్లు ఎలా తీయాలో తెలియక మా ఆవిడ పడ్డ పాట్లకు నేను కడుపు పట్టుకుని నవ్వాను. పెళ్లయ్యాక నేనలా నవ్వడం చూడటం అదే మొదలని ఆమె అంది. ఆ పూట నేను సంతోషంగా ఉన్నాను. అది దాచితే అబద్ధమాడినట్టే.

ఆ శనివారం మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడగడానికి లేచాను. గల్లా దగ్గరి పెద్దాయన పిలిచాడు.

"మీది బొగ్గు గని అన్నారు కదండీ? ఇప్పుడే రేడియోలో చెప్పారు. గనిలో పైకప్పు కూలిందట. ముగ్గురు పోయారట. మీ వైపేననుకుంటానండీ."

"ఏ బొగ్గుబాయి? ఏ ఊరన్నరు?"

"సరిగ్గా వినలేదండీ. లోపల పిండి రుబ్బుతున్నారు, ఆ మోతలో..."

నాకు ఎడమ పక్క కప్పు కళ్లముందు కనిపించింది. దాని కింద నా తట్ట, నా జాగాలో అతను. నేను చేపలు తిని నవ్విన పూట కూడా అతను అక్కడే ఉన్నాడు. ఎంగిలి చేత్తోనే బయటికి వచ్చేశాను.

మా ఆవిడ వెనకాలే వచ్చింది. "సాయంత్రం మళ్ల వార్తలొస్తయి, ఇందాం. లేకుంటె టెలిగ్రామన్న ఇయ్యి. ఎవలికేమైందో తెల్వకుండ గట్ల ఉరుకుతె ఎట్ల?"

మంచి మాటే. కానీ ఎవరి మాటా నా తలకెక్కే స్థితి కాదు. "నీకు ఓడలు జూసుడే ముఖ్యమా?" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. ఆమె లాడ్జికి పోయి, ఆరీ ఆరని చీరలు మూటగట్టింది. ఆ సాయంత్రమే రైలెక్కాం. బండ్లు మారుతూ, ఆదివారమంతా స్టేషన్లలో కాసుకుంటూ, నిలబడే వచ్చాం. బెజవాడలో అడిగాను, వరంగల్లులో అడిగాను, కాజీపేటలో అడిగాను. గని సంగతి ఎవరికీ తెలియదు.

సోమవారం మధ్యాహ్నం రామగుండంలో దిగాం. ఆమెను ఇంటికి పొమ్మని నేను నేరుగా గనికి పోయి, కప్పు కూలిందటగా అని అడిగాను. గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి ఆశ్చర్యపోయాడు.

"మన బాయిల ఏం గాలే. గా కూలింది వేరే రాష్ట్రంల. నీకెవలు చెప్పిన్రు?"

అయినా అతన్ని కళ్లతో చూడకుండా ఇంటికి పోబుద్ధి కాలేదు. కాసేపటికి మొదటి షిఫ్టు వాళ్లు పైకి వచ్చారు. నల్లటి ముఖంలో పళ్లు ఒక్కటే తెల్లగా కనబడుతుంటే అతన్ని గుర్తుపట్టాను. పోయి గట్టిగా పట్టుకున్నాను. సిగ్గు లేకుండా ఏడ్చాను.

"ఏమైందన్నా? వదిన మంచిగున్నదా?" అని కంగారుపడ్డాడు. రేడియో సంగతి చెప్పాను. మొదట నవ్వాడు. తరువాత అతని ముఖంలో నవ్వు పోయింది.

అప్పుడే ఓవర్‌మన్ అటు వచ్చాడు. "వచ్చినవా? మంచిగైంది. ఏడాది ఆఖరు, బొగ్గు కావాలె. రేపటి సంది డ్యూటీ ఎక్కు" అన్నాడు.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. శనివారం పోయాను, ఇవాళ సోమవారం. పది రోజులు. అతనికి కావాల్సింది పది మస్టర్లు. నెలాఖరు దాకా అన్నది ముందుజాగ్రత్తకు అనుకున్నాను.

"సరే సారూ" అన్నాను.

అతను మెల్లగా, "అలసిపోయినవ్ గదన్నా, రెండు దినాలు పండుకో" అన్నాడు.

"నాకేం అలుపురా!" అని అతని భుజం మీద చరిచాను. ఆ క్షణాన నేనంత గొప్పవాడు లేడని నాకనిపించింది. తోటివాడి ప్రాణం కోసం సముద్రాన్ని వదిలి పరుగెత్తి వచ్చినవాణ్ణి కదా. ప్రేమను మా దగ్గర పావురం అంటారు, ఆ పావురం నాకు ఎక్కువే అనుకున్నాను.

మంగళ, బుధవారాలు నా జాగాలో నేను బొగ్గెత్తాను. ఆ రెండు రోజులూ అతను ఆఫీసు ముందు నిలబడ్డాడు. పని ఎగ్గొట్టి వరికోతలకు పోయినవాళ్లంతా అప్పటికే తిరిగొచ్చారు. ఒక్క జాగా ఖాళీ లేదు. బుధవారంతో సంవత్సరం అయిపోయింది.

పర్మినెంటు చేసినవాళ్ల లిస్టులో అతని పేరు లేదని మా ఆవిడ నల్లా దగ్గర విని వచ్చి చెప్పింది. అతని మస్టర్లు నూటఎనభై ఎనిమిది. నడుమ రెండు ఆదివారాలున్నాయి. ఆదివారం గనికి సెలవు, మస్టరు పడదు. నేను బదిలీగా ఉన్న రోజుల్లో ఆ సంగతి నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. పర్మినెంటయ్యాక ఆదివారమంటే నాకు మటన్, మంచం. మరిచిపోయాను. అంతే. ఇంతకంటే మంచి సాకు నా దగ్గర లేదు.

మస్టరు క్లర్కు దగ్గరికి పోయి నా రెండు రోజులు అతనికి వేయమని బతిమాలాను. "నీ మస్టరు నీదే, ఆయన మస్టరు ఆయనదే. పిచ్చా ఏంది?" అన్నాడు. కుర్చీ ఎత్తి పడేశాను. నలుగురు పట్టుకుని బయటికి తోశారు. అదే కోపంతో అతని ఇంటికి పోయి అతని మీదే అరిచాను.

"నోరు లేదారా? పది కాలేదని అప్పుడే చెప్పకపోయినవ్?"

అతను తల వంచుకున్నాడు. "ఎట్ల చెప్పాలెనన్నా? నువ్వు నా పానం కోసం ఉరికొస్తివి. మళ్ల పో అని ఏ నోటితోని అనాలె? రెండే గద, యాడనన్న దొరుకుతయనుకున్న."

గుడిసె లోపల అతని భార్య పొయ్యి ముందు కూర్చుని ఉంది. నా వైపు తిరగలేదు.

మరో ఏడాది చూడరా, నేను వారానికి రెండు రోజులు ఎగ్గొట్టి నా జాగా నీకిస్తానని చెప్పాను. తలూపాడు. కానీ ఆ నెల తిరగకముందే ముసలాయన దొర పశువుల కొట్టంలో పడిపోయాడని, లేవలేకపోతున్నాడని కబురొచ్చింది. ఇక ఆ జీతంలో నిలబడటానికి ఇంకెవరూ లేరు.

వాళ్లను పంపడానికి నేనూ మా ఆవిడా గోదావరిఖని బస్సుల దగ్గరికి పోయాం. రెండు మూటలు, ఒక బొగ్గుల కుంపటి, మూడేళ్లు దాటిన బిడ్డ. అతను మూటలు పైకెక్కించి నా చేతులు పట్టుకున్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను. ఆ ఊళ్లో అతనికి ఏం కాచుకుని ఉందో మా ఇద్దరికీ తెలుసు.

అతని భార్య కిటికీ పక్కన కూర్చుంది. లిస్టు వచ్చిన నాటి నుంచి ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. బస్సు కదిలేముందు తనే పిలిచింది. దగ్గరికి పోయాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. ఆమె గొంతులో కోపం లేదు.

"బావా, నువ్వు మంచోనివే. గా రెండు దినాలు మా మీద నీకు గంత పావురం లేకుంటె మంచిగుండేది."